క్యూటీ 6.5 సోర్స్ బిల్డ్‌లో ఎక్స్‌సీబీ ప్లగిన్ రావడం లేదు, సాయం చేయండి

ఉబుంటు 22.04లో క్యూటీ (Qt, విండోలున్న ప్రోగ్రామ్‌లు రాసే టూల్‌కిట్) 6.5 సోర్స్ నుంచి దాని మూల భాగమైన క్యూటీబేస్ ఒక్కటే బిల్డ్ చేశాను, సీమేక్, నింజా అనే బిల్డ్ టూల్స్‌తో. కంపైల్, ఇన్‌స్టాల్ రెండూ ఎర్రర్ లేకుండా అయ్యాయి. కానీ ఏ ప్రోగ్రామ్ నడిపినా విండో రాకముందే ఎక్స్‌సీబీ (XCB, లినక్స్‌లో స్క్రీన్‌పై విండోలు చూపించే) ప్లాట్‌ఫామ్ ప్లగిన్ దొరకలేదని ఆగిపోతోంది. ప్లగిన్ల ఫోల్డర్‌లో ఆ ఫైలే లేదు. కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు ఏ లైబ్రరీలు ఉన్నాయో చూసే దశ) చివర్లో వచ్చే సమ్మరీలోనూ ఎక్స్‌సీబీ ఎదురుగా "నో" అనే ఉంది.

6.5 నుంచి ఎక్స్‌సీబీ కర్సర్ లైబ్రరీ తప్పనిసరి అని చదివి, దాని డెవ్ ప్యాకేజీతో (బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లుండే ప్యాకేజీ) పాటు కీబోర్డ్ లైబ్రరీ ఎక్స్‌కేబీకామన్, మిగతా ఎక్స్‌సీబీ డెవ్ ప్యాకేజీలూ వేశాను. అదే బిల్డ్ ఫోల్డర్‌లో కాన్ఫిగర్ మళ్లీ నడిపినా "నో" మారలేదు. స్క్రీన్‌పై విండో చూపించని ఆఫ్‌స్క్రీన్ ప్లగిన్‌తో మాత్రం ప్రోగ్రామ్ నడుస్తోంది.

మొదటి నుంచి బిల్డ్ చేయాలంటే నా పాత ల్యాప్‌టాప్‌కి చాలా టైమ్ పడుతుంది, అదే టెన్షన్. సీమేక్ కాష్ ఫైల్ (పాత కాన్ఫిగర్ ఫలితాలు దాచుకునే ఫైల్) ఒక్కటి తీసేసి కాన్ఫిగర్ చేస్తే సరిపోతుందా, లేక బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపేయాల్సిందేనా?