పత్తి చెలక గట్ల మీద పిట్టలు నిలవాలంటే ఏ చెట్లు?

చెలకరైతు:
నల్గొండ వైపు 4 ఎకరాల ఎర్ర చెలక. పత్తి, మధ్యలో కంది సాళ్లు. గట్లు మూడడుగుల వెడల్పు. పాలపిట్ట, గుడ్లగూబ, గిజిగాడు నిలవాలి, పంటకు నీడ దెబ్బ తగలొద్దు. ఏ చెట్లు, ఎంత ఎడం? ఉత్తరం గట్టు అవతల వేరేవాళ్ల చేను. ఒక మూల 5 గుంటల రాళ్ల జాగా, పాత బావి ఉన్నాయి.

గట్టువేప:
ముందు నీడ సంగతి. చలికాలం పొద్దు దక్షిణంగా నడుస్తుంది, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరం గట్టున పెడితే మీ పత్తికి ఢోకా లేదు గానీ పక్కాయన పత్తి మీద పడుతుంది, పంచాయితీ తప్పదు. తూర్పు, పడమర గట్లే మేలు. నీడ ఒక పూటే ఉంటుంది.

వేప, తెల్ల తుమ్మ కలిపి 6 మీటర్లకొకటి పెట్టండి. నల్ల తుమ్మకు నల్లరేగడి, చెరువు శిఖం కావాలి, చెలకలో గిడసబారుతుంది. రెండడుగుల గుంతలు ఎండాకాలంలోనే తవ్వి వదిలేయండి. బాగా మాగిన ఎరువు రెండు తట్టలు, కిలో వేపపిండి మట్టిలో కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు మొక్కను మొదట్లోనే తినేస్తాయి. భూమి లోతుగా తడిశాకే నాటండి, తొలి జల్లుకు తొందరపడొద్దు. నాలుగో ఏడు నుంచి పంట వైపు మీటరున్నర దూరంలో రెండడుగుల లోతు కందకం తీస్తే వేర్లు సాళ్లలోకి రావు.

తొర్రపిట్ట:
చెట్టు పెట్టినంత మాత్రాన పాలపిట్ట గూడు పెట్టదండీ. దానికి తొర్ర కావాలి: పాత వేప బొర్ర, లేదంటే తల విరిగిన తాటి మోడు. కొత్త మొక్కకు తొర్ర పడాలంటే దశాబ్దాలు. గుడ్లు పెట్టేది ఎక్కువగా మార్చి నుంచి జూన్ దాకా; సరిగ్గా అప్పుడే దుక్కికి ముందు మోడులు కొట్టి గట్లు కాలుస్తారు.

ఈలోగా ఎకరాకు 20 పక్షి స్థావరాలు పెట్టండి. పంట కన్నా రెండడుగులు ఎత్తుగా ఎండు కొమ్మలు పాతితే చాలు, ఏట్రింతలు (తోక చీలిన నల్ల పిట్టలు), పాలపిట్టలు వాలి పచ్చపురుగును ఏరుకు తింటాయి. జొన్న వేసిన ఏడు గింజ పాలుపోసుకోగానే ఈ కొమ్మలు పీకేయాలి, లేదంటే పిట్టలు గింజ మీద పడతాయి. ఎలుకలకు బ్రోమోడయోలోన్ పెట్టొద్దు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది.

రాళ్లజాగా:
రాళ్ల మూలన జువ్వి (మర్రి జాతి చెట్టు) వేయండి. మణికట్టు లావు, ఆరడుగుల కొమ్మ రెండడుగుల లోతున పాతి, పై కోతకు పేడ పూయండి. బావికి 50 అడుగులు తగ్గొద్దు, వేర్లు రాతికట్టు చీలుస్తాయి. బావి ఒడ్డున రెండు ఈతలు చాలు, నీళ్ల మీదికి వంగిన మట్టలంటే గిజిగాడికి ఇష్టం. సర్కారు తుమ్మ వేరుతో సహా తీసేయండి. అడవి పందులు తిరిగే ఊరైతే కింద పొద పెరగనివ్వొద్దు, పగలు అందులోనే పడుకుంటాయి.

చెలకరైతు:
ఉత్తరం గట్టు వదిలేస్తా. బావి దగ్గర తల లేని తాటి మోడు ఒకటుంది, ఏమైనా చేయాలా?

తొర్రపిట్ట:
ఏమీ చేయొద్దు. దాని మొదట్లో చెత్త కాల్చకండి, అంతే.