పొట్టి కొమ్ముల స్టాగ్ బీటిల్ ఇంకా ఎదుగుతుందా?

ప్రశ్న:
నమస్కారం. కుళ్లిన చెట్టు మొద్దు పక్కన నిన్న మునిమాపు వేళ రెండు మగ స్టాగ్ బీటిళ్లు (కొమ్ముల్లాంటి దవడలుండే పెంకుపురుగులు) కనిపించాయి. ఒకదాని దవడలు దుప్పి కొమ్ముల్లా చీలి, దేహంలో మూడో వంతు పొడవున్నాయి. రెండోది బాగా చిన్నది, దాని దవడలైతే పట్టకారు కొనల్లా పొట్టిగా ఉన్నాయి. రంగు, మోచేయిలా వంగిన మీసాలు మాత్రం అచ్చం ఒకేలా ఉన్నాయి. చిన్నది ఇంకా పిల్ల పురుగనీ, కొన్నాళ్లకు దానికీ కొమ్ములు పెరుగుతాయనీ అనుకోవచ్చా? ఆ మొద్దును త్వరలో పెకలించాలనుకుంటున్నాం.

జవాబు 1:
అలా అనుకోవడానికి వీల్లేదండి. రెక్కలతో బయటికి వచ్చిన పెంకుపురుగు ఇక మిల్లీమీటరు కూడా ఎదగదు, ఎదుగుదలంతా లార్వా (గుడ్డు నుంచి వచ్చిన రెక్కల్లేని పిల్ల పురుగు) దశలోనే ముగిసిపోతుంది. ఐరోపాలోని లుకానస్ సెర్వస్ జాతినే తీసుకుంటే, దాని లార్వా మట్టిలో పూడిన పుచ్చు కర్రను తింటూ 3 నుంచి 7 ఏళ్లు గడుపుతుంది, పెద్ద పురుగుగా బయట తిరిగేది మాత్రం కొన్ని వారాలే. చెట్ల నుంచి కారే రసం నాకడం తప్ప అప్పుడు అది తినేదీ పెద్దగా ఉండదు. కర్ర పుష్కలంగా దొరికిన లార్వా పెద్ద మగ పురుగవుతుంది, అరకొరగా తిన్నది చిన్నదిగానే మిగిలిపోతుంది. పైగా దేహం కాస్త పెరిగితే దవడలు అంతకు మించిన నిష్పత్తిలో పెరుగుతాయి కనుక, ఒకే జాతి మగవి వేరు వేరు జాతుల్లా కనిపిస్తాయి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. తిండి ప్రభావం దవడల దాకా చేరడంలో పురుగుల ఎదుగుదలను, రూపమార్పును నియంత్రించే జువెనైల్ హార్మోన్‌ది ముఖ్య పాత్ర. సైక్లోమాటస్ మెటాలిఫర్ అనే మరో స్టాగ్ బీటిల్ జాతి మగ లార్వాలకు ప్యూపాగా (లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య దశ) మారే ముందు ఈ హార్మోన్‌ను అదనంగా అందిస్తే దవడలు పెద్దవయ్యాయి, ఆడవాటిలో మాత్రం ఆ ఫలితం రాలేదు. మగ ప్యూపాను చూస్తే ఆ కొమ్ములు రొమ్ము మీదికి ముడుచుకుని ఉంటాయి, నాకైతే మీసాల కన్నా అవే ముందు కంటబడ్డాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి పొట్టి దవడలది పోట్లాటకు దిగుతుందా?

జవాబు 1:
దిగుతుంది, కానీ తరచుగా ఓడుతుంది. పోట్లాటంటే కొరుక్కోవడం కాదండి, ఎదుటిదాన్ని నడుము దగ్గర పట్టి కొమ్మ మీది నుంచి ఎత్తి పడేయడం. ఇక మొద్దును దయచేసి కదపకండి. నారింజ రంగు తలతో, అర్ధచంద్రాకారంలో ముడుచుకున్న తెల్లని లార్వాలు దాని వేళ్లలో ఉండి ఉంటే, వాటిలో కొన్నింటికి బయటికి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.