దేవదారు చెట్ల మీద మంచు సున్నం కొట్టినట్టు వస్తోంది, కాస్త చూడండి

ప్రశ్న:
అందరికీ నమస్తే. మనాలీలో కట్టబోయే ఒక చెక్క కాటేజీకి చలికాలం వ్యూ చెయ్యమన్నారు, బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) 4.2లో, దాని సైకిల్స్ రెండర్ ఇంజిన్‌తో చేస్తున్నా. ఇల్లు బానే వచ్చింది, తిప్పలన్నీ మంచుతోనే. చెట్ల ఆకులకి తెల్ల మెటీరియల్ పెడితే అచ్చం సున్నం కొట్టినట్టున్నాయి, సరే అని మంచు పరిచే రియల్ స్నో యాడాన్ వాడితే ఇంటి కప్పు మీద పర్లేదు గానీ చెట్టు సెలెక్ట్ చేసి నొక్కగానే సిస్టమ్ బిగుసుకుపోయి కాసేపటికి బ్లెండరే మూసుకుపోయింది. నేలేమో ఇడ్లీ పిండి పోసినట్టుంది, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో తెలీట్లేదు. 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. నిజం చెప్పాలంటే నేను మంచు చూసింది లంబసింగిలోనే, అంతే.

జవాబు:
లంబసింగిలో నువ్వు చూసింది పొగమంచు తమ్ముడూ, మహా అయితే గడ్డి మీద గడ్డకట్టింది చూసుంటావ్. మన భాషలో అన్నీ మంచే కాబట్టి ఈ తికమక. రిఫరెన్స్ ఫొటోలు దించుకునేటప్పుడు ఫ్రాస్టూ స్నో కలిపేసుకోకు. ఫ్రాస్ట్ గాల్లో తేమ అక్కడికక్కడే గడ్డకట్టేది, ఆకుకి పైనా కిందా పక్కలా ఎటైనా పడుతుంది. స్నో పైనుంచి రాలేది, పైకి చూసే చోటే నిలుస్తుంది, కొమ్మ అడుగున పచ్చదనం అలాగే కనపడుతుంది. నువ్వు అడుగు కూడా తెల్లగా చేశావ్ కాబట్టే సున్నంలా ఉంది.

చెట్టుకి యాడాన్ వద్దు, మెటీరియల్‌లోనే చేసెయ్. జామెట్రీ నోడ్‌లో నార్మల్ (ముఖం, అంటే మోడల్‌లోని చిన్న పలక, ఎటు చూస్తోందో చెప్పేది) తీసుకుని సెపరేట్ ఎక్స్‌వైజెడ్‌కి ఇవ్వు, అందులో జెడ్‌ని కలర్ ర్యాంప్‌కి, దాన్ని మిక్స్ షేడర్ ఫ్యాక్టర్‌కి, ఒక పక్క ఆకు మెటీరియల్, ఇంకో పక్క మంచు. ముఖం నేరుగా ఆకాశం వైపుంటే జెడ్ 1, గోడలా నిలువుగా ఉంటే 0. ర్యాంప్‌ని 0.4 నుంచి 0.6 మధ్య పెట్టి చూడు, అంచు మరీ గీత గీసినట్టుంటే జెడ్‌కి కొంచెం నాయిస్ టెక్స్‌చర్ కలుపు. టెక్స్‌చర్ కోఆర్డినేట్ నోడ్‌లో కూడా నార్మల్ ఉంటుంది, అది మాత్రం వాడకు, అది ఆబ్జెక్ట్‌తో పాటు తిరిగిపోతుంది, చెట్టు వాలిస్తే మంచు కూడా పక్కకి పోతుంది.

ఇంకో జవాబు:
అన్న చెప్పింది కరెక్టే గానీ దూరంగా ఉన్న చెట్లకి మాత్రమే అది సరిపోతుంది, కెమెరా పక్కనే ఉన్న రెండు మూడు చెట్లకి రంగుతో పనవ్వదు, మందం కావాలి. వాటికి ఎడిట్ మోడ్‌లో పై కొమ్మల ముఖాలు కొన్నే సెలెక్ట్ చేసి రియల్ స్నోలో సెలెక్టెడ్ ఫేసెస్ టిక్ పెట్టి చెయ్. చెట్టు మొత్తం ఇస్తే లక్షల ముఖాల మీద అది మెటాబాల్స్ (ఒకదానికొకటి అతుక్కునే ముద్దలు) పరుస్తుంది, సిస్టమ్ బిగుసుకోక ఏం చేస్తుంది మరి. ముందు కంట్రోల్ ఏ కొట్టి స్కేల్ అప్లై చెయ్యడం మర్చిపోకు.

బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. దేవదారు కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పెరుగుతాయి, చివర్లు మామూలుగానే కాస్త వంగి ఉంటాయి, మంచు పడ్డాక ఇంకా కుంగుతాయి. స్కల్ప్ట్ మోడ్‌లో గ్రాబ్ బ్రష్‌తో చివర్లు కిందికి లాగితే చాలు, నన్నడిగితే మెటీరియల్ కంటే దీనికే ఎక్కువ తేడా కనపడుతుంది.

అడిగినవారు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా, చెట్లు వచ్చేశాయి! కానీ రెండు డౌట్లు. కొండవాలు మీద జామెట్రీ నోడ్స్‌తో చల్లిన చెట్లన్నీ పడిపోబోతున్నట్టు వంగున్నాయి. నేల మీద మంచు అంచుల్లో గులాబీ రంగు వస్తోంది, సబ్‌సర్ఫేస్ (వెలుతురు లోపలికి చొచ్చుకుపోయే సెట్టింగ్) పెట్టాకే మొదలైంది.

ఇంకో జవాబు:
మొదటిది నేను చెప్తా. డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఆన్ ఫేసెస్‌లోని రొటేషన్‌ని ఇన్‌స్టాన్స్ ఆన్ పాయింట్స్‌కి కలిపుంటావ్, అది వాలుకి లంబంగా నిలబెడుతుంది. చెట్టు వాలు ఎలా ఉన్నా నిటారుగానే పెరుగుతుంది కదా. ఆ తీగ పీకేసి ర్యాండమ్ వాల్యూ వెక్టర్‌తో జెడ్ చుట్టూ మాత్రమే తిప్పు. పాయిసన్ డిస్క్ (చెట్ల మధ్య ఎడం ఉంచే పద్ధతి) పెడితే చెట్లు ఒకదాని మీద ఒకటి పడవు. రియలైజ్ ఇన్‌స్టాన్సెస్ నోడ్ ఉంటే తీసెయ్, అది ప్రతి చెట్టునీ విడి కాపీగా మార్చేస్తుంది, నీ 4 జీబీ కార్డుకి ప్రాణాంతకం.

మొదటి జవాబు ఇచ్చినవారు:
గులాబీ రంగుకి కారణం ప్రిన్సిపల్డ్ షేడర్‌లో సబ్‌సర్ఫేస్ రేడియస్ డిఫాల్ట్‌గా 1.0, 0.2, 0.1 ఉండటం. అది మనిషి చర్మానికి సరిపోయే లెక్క, ఎరుపు లోపలికి ఎక్కువ పోతుంది. మంచులో తిరగబడుతుంది, ఐస్ ఎరుపునే ఎక్కువ పీల్చుకుంటుంది. మూడూ దగ్గర దగ్గరగా, నీలం కాస్త ఎక్కువగా, 0.8, 0.9, 1.0 పెట్టు. స్కేల్ మీటర్లలో ఉంటుంది కాబట్టి 0.03 లాంటిది చాలు. బేస్ కలర్ 1.0 పెట్టకు, కొత్త మంచు కూడా పడ్డ వెలుతురులో 80 నుంచి 90 శాతమే వెనక్కి పంపుతుంది, 0.85 పెట్టు.

ఇక నీ ఇడ్లీ పిండి. సూర్యుణ్ణి ఎంత ఎత్తులో పెట్టావ్?

అడిగినవారు:
60 డిగ్రీలు. బ్రైట్‌గా ఉంటుందని.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అదే అనుకున్నా. మనాలీ 32 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది, డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 35 డిగ్రీలు దాటడు, మన విజయవాడలోనే ఆ రోజుల్లో 50. స్కై టెక్స్‌చర్‌లో సన్ ఎలివేషన్ 12కి దించి, కెమెరాకి పక్కనుంచి వచ్చేలా తిప్పు. ప్రతి గుంటా మిట్టా నీడ పరుస్తుంది, నీడలు ఆకాశం వెలుతురుతో వాటంతటవే నీలంగా మారతాయి, అందుకని మంచు మెటీరియల్‌లో నీలం కలపొద్దు. వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రెండర్ వెలుతురుని తెరకి సర్దే సెట్టింగ్) స్టాండర్డ్‌లో ఉంటే ఏజీఎక్స్‌కి మార్చు, లేకపోతే వెలుతురు పడ్డ చోటల్లా తెల్లకాగితంలా కాలిపోతుంది.

అడిగినవారు:
12 పెట్టాక నేల మొత్తం అలలు అలలుగా కనపడుతోంది అన్నా, మొన్నటిదాకా అసలు డిస్‌ప్లేస్‌మెంట్ (నేలకి ఎత్తుపల్లాలు ఇచ్చేది) పనిచెయ్యట్లేదనుకుని నాలుగుసార్లు సబ్‌డివిజన్ (నేలని చిన్న ముక్కలు చేసేది) పెంచా 😅 ఇప్పుడు రెండు తగ్గించినా తేడా తెలీట్లేదు, రెండర్ టైమ్ కూడా సగానికి వచ్చింది. మంచు మీద తళతళ మెరుపులు మాత్రం ఇంకా రాలేదు.

ఇంకో జవాబు:
మెరుపులు డీనాయిజర్ తినేస్తుంది తమ్ముడూ, చిన్న చుక్కల్ని నాయిస్ అనుకుంటుంది. అవి విడిగా రెండర్ చేసి కంపోజిటర్‌లో కలుపు. ముందు చూరు కింద గోడ వారగా మంచు తీసెయ్, అంత పెద్ద చూరు ఉన్నాక అక్కడ అడుగు మందాన ఎలా పడుతుంది?