భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని పిల్లలకి కళ్లారా చూపించే దారి ఉందా?

నమస్కారమండీ. మా ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లలకి సాయంత్రాలు ఆకాశం చూపిస్తుంటాను. ఉన్నది 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్. పుస్తకంలో ఉందని కాకుండా, తాము చూసినదాన్ని బట్టి వాళ్లు ఒప్పుకోవాలని నా పట్టుదల.

శుక్రుణ్ణి నెలల తరబడి చూసి బొమ్మలు గీశారు. దాదాపు నిండుగా ఉన్నప్పుడు చిన్నగా, మనకి దగ్గరయ్యేకొద్దీ పెద్దదై, సన్నటి నెలవంకలా. గెలీలియో 1610లో గమనించడం మొదలుపెట్టిందీ ఇదే. శుక్రుడు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాడని వాళ్లే తేల్చారు.

అప్పుడో అమ్మాయి అడిగింది: "సార్, గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడేమో మన చుట్టూ తిరిగినా ఇలాగే కనిపిస్తుంది కదా?" అచ్చంగా పదహారో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ చెప్పిన నమూనా! ఎంత మంచి ప్రశ్నో. దాటేయడం నాకిష్టం లేదు.

ఫూకో లోలకం, అంటే పొడవాటి తీగకి వేలాడుతూ ఊగే బరువు, కట్టొచ్చు. మా 17 డిగ్రీల అక్షాంశంలో అది ఊగే దిశ గంటకి 4.4 డిగ్రీలు తిరుగుతుంది. కానీ దాంతో తెలిసేది భూమి తన చుట్టూ తాను తిరగడమే. అసలు సాక్ష్యం నక్షత్రాల పారలాక్స్, అంటే భూమి చోటు మారేకొద్దీ దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపించడం. 1838లో ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ 61 సిగ్నీ అనే నక్షత్రానికి కొలిచింది ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) మూడో వంతు కన్నా తక్కువ. మా టెలిస్కోప్‌తో కుదరని పని.

దగ్గరి కాలేజీలో 8 అంగుళాల టెలిస్కోప్, కెమెరా అడిగితే ఇస్తారు. మనకి బాగా దగ్గరున్న బర్నార్డ్ నక్షత్రానికైతే పారలాక్స్ అర ఆర్క్ సెకను పైనే ఉంటుంది. ఇలా ఎవరైనా కొలిచారా? ఏ నెలల్లో ఫోటోలు తీయాలి? ఏటా 10 ఆర్క్ సెకన్ల దాని సొంత కదలికని ఎలా విడదీయాలి? ఇంతకన్నా తేలిక దారి ఉంటే అదీ చెప్పండి.