ఫిట్స్ వచ్చినప్పుడల్లా భుజం జారుతోంది, మందులకే డబ్బు చాలడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

చింతల్ వాసి:

అందరికీ నమస్కారం. నా వయసు 34. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పని చేస్తూ చింతల్‌లో గది అద్దెకు తీసుకుని ఒక్కడినే ఉంటున్నాను. చదువుకునే రోజుల్లో మొదలైన ఫిట్స్ చాలాకాలం మందులతో అదుపులోనే ఉన్నాయి గానీ, రెండేళ్ళ క్రితం పని దగ్గర వచ్చినప్పుడు కుడి భుజం కీలు తప్పింది. అప్పటినుంచి ఐదుసార్లు జారింది. మూడుసార్లు ఫిట్స్‌లోనే, ఒకసారి సిటీ బస్సులో పైకమ్మి పట్టుకుని నిలబడి ఉండగా డ్రైవరు బ్రేకు వేసినప్పుడు, ఇంకోసారి, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, దండెం మీద తువ్వాలు ఆరవేయబోయి.

మొదట్లో ఊరివాళ్ళ మాట విని ఎక్స్‌రే కూడా తీయించకుండా పుత్తూరు కట్టు కట్టించుకున్నాను. ఇప్పుడు ఎముకల డాక్టరు ఆపరేషన్ తప్పదంటూనే ముందు ఫిట్స్ ఆగాలంటున్నారు. ఫిట్స్‌కు చూసే డాక్టరును భుజం గురించి అడిగితే ఎముకలవాళ్ళను అడగమంటున్నారు. జారిన ప్రతిసారీ రెండు మూడు వారాలు జీతం పోతుంది. డబ్బు లేక నెలాఖరులో రోజుకు రెండు వేసుకోవలసిన మాత్ర ఒక్కటే వేసుకుంటున్నాను. గదిలో ఇంకో ఇద్దరుండేవారు, ఒక రాత్రి నాకు ఫిట్స్ రావడం చూశాక ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెబుతున్నాను. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకోవాలా, పని మానేసి ఊరికి వెళ్ళాలా, తోచడం లేదు.

పాత మిషను:

తమ్ముడూ, నాకు ఈ జబ్బు ఇరవై రెండేళ్ళుగా ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. నువ్వు భుజాన్ని, ఫిట్స్‌ను, డబ్బును మూడు కష్టాలుగా రాశావు గానీ, నీ ఉత్తరంలో అసలు మాట ఆ నెలాఖరు మాత్ర దగ్గరే ఉంది. మాత్ర తప్పితే ఫిట్స్ వస్తాయి, ఫిట్స్ వస్తే భుజం జారుతుంది, భుజం జారితే జీతం పోతుంది, జీతం పోతే మళ్ళీ మాత్ర తప్పుతుంది. ఈ గుండ్రాన్ని తెంపగలిగేది మాత్ర దగ్గర మాత్రమే, ఎందుకంటే అన్నింట్లోకీ తక్కువ ఖర్చయ్యేది అదే. ఫిట్స్ మందు సగానికి తగ్గించడం, హఠాత్తుగా ఆపేయడం చాలా ప్రమాదం. అప్పు చేయాలనే ఉంటే ముందు దానికి చెయ్యి.

ఇంకో సంగతి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నాను: నైట్ షిఫ్ట్ చేస్తున్నావా? నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను రేపే కారణాల్లో ముఖ్యమైనది. నేను డాక్టరు చేత కాగితం రాయించుకుని పగటి షిఫ్టుకు మారాకే కుదుటపడ్డాను. ఒంటరిగా ఉంటున్నావు గనుక బాత్‌రూమ్‌కు లోపల గడియ పెట్టకు, పీట మీద కూర్చుని చెంబుతో స్నానం చెయ్యి, మంచం వద్దు, కింద పరుపు వేసుకో. పక్క గదివాళ్ళలో ఒక్కరికైనా నీ జబ్బు సంగతి చెప్పు. వెళ్ళిపోయిన ఇద్దరినీ నేను తప్పుపట్టను. ఏం చేయాలో ఎవరూ చెప్పకపోతే ఎవరికైనా భయమే.

ఫిజియో, కూకట్‌పల్లి:

పై మాటకు నా పనికి సంబంధించిన ఒక వివరం జోడిస్తాను. ఫిట్స్‌లో కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు చేతిని లోపలివైపు తిప్పే బలమైన కండరాలు బయటికి తిప్పేవాటిని ఓడించి, భుజపు ఎముకను గుంట వెనక్కి నెట్టగలవు. వెనక్కి జారిన భుజం ముందునుంచి తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది, అందుకే పక్కకోణం ఎక్స్‌రే కూడా అడగండి. చేయి పైకెత్తి బయటికి తిరిగినప్పుడు ముందుకు జారే ప్రమాదం ఎక్కువ. బస్సు కమ్మి, దండెం రెండూ ఆ కోవలోవే. కాబట్టి బస్సులో సీటు దొరక్కపోతే ఎడమ చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకోండి, తువ్వాలు కుర్చీ మీద ఆరవేయండి, చొక్కా తొడిగేటప్పుడు కుడి చేతిని ముందు, విప్పేటప్పుడు చివర. ఫిట్స్ అదుపులోకి రాకముందే ఆపరేషన్ చేస్తే, మళ్ళీ వచ్చిన ఒక్క ఫిట్‌తో అది చెడిపోవచ్చు. మీ ఎముకల డాక్టరు ఆగమన్నది అందుకే. అది తప్పించుకునే మాట కాదు.

ఇంకొకటి. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతులు నలుగురు కలిసి నొక్కిపట్టడం, తాళాల గుత్తి చేతిలో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అలా చేతులు పట్టి గుంజడం వల్ల కూడా కీలు తప్పవచ్చు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోన్ చేయాలి. ఈ మూడూ ఒక అట్టముక్క మీద రాసి పనిచేసే చోట మీ లాకరు తలుపు లోపల అంటించండి.

సనత్‌నగర్ దారి:

మీ జీతం నెలకు 21,000 దాటకపోతే ముందు జీతం చీటీ తీసి చూడండి. ఇఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం కోత ఉండాలి. 16,000 జీతానికి అది 120 రూపాయలు. ఆ కోత ఉంటే మీరు మందులు బయట కొంటున్నారంటేనే నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఇఎస్‌ఐ డిస్పెన్సరీలో అవి ఉచితం, భుజం ఆపరేషన్ కూడా అక్కడినుంచే సనత్‌నగర్ ఆసుపత్రికి రాయించుకోవచ్చు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటే, ఇఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. మొదటి రెండు రోజులకు రాదు. అయితే మునుపటి సెలవు ముగిసిన పదిహేను రోజుల్లోపే మళ్ళీ సెలవు పెట్టవలసి వస్తే ఆ రెండు రోజుల కోత ఉండదు. కోత లేకపోతే వేరే దారులు చెబుతాను, ముందు చీటీ చూసి రాయండి. రాత్రిళ్ళు మరీ ఒంటరిగా అనిపిస్తే 14416కు చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

చింతల్ వాసి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. చీటీ చూశాను, 117 రూపాయలు కోత ఉంది. అది దేనికో మూడేళ్ళుగా నేను అడగనేలేదు. అన్నా, మీరు అడిగింది నిజమే, వారం విడిచి వారం నైట్ షిఫ్టే చేస్తున్నాను. సోమవారం పొద్దున డిస్పెన్సరీకి వెళ్తున్నాను. అట్టముక్క ఈ రాత్రే రాసి లాకరు కంటే ముందు పక్కగది ఆయనకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఉల్లిపాయ వాసన చూపించాలా వద్దా అని అడిగారు. వద్దన్నాను.