‘మోర్టన్ ఫోర్క్’కు తెలుగు ఏది?

ప్రశ్న: ఇంగ్లండు రాజు ఏడవ హెన్రీ మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో ‘మోర్టన్ ఫోర్క్’ అనే మాట తగిలింది. ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదనే నా అభిప్రాయం. నుయ్యి–గొయ్యి సామెతలో మనిషి ఎటూ కదలలేక మధ్యలో నిలబడిపోతాడు. మోర్టన్ దగ్గర ఆ మధ్య చోటు కూడా లేదు.

జాన్ మోర్టన్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్, 1487 నుంచి హెన్రీకి చాన్సలర్, అంటే ముఖ్యమంత్రి లాంటివాడు. 1491లో ఫ్రాన్సుతో యుద్ధం పేరు చెప్పి రాజు ‘బెనవలెన్స్’ వసూలు మొదలుపెట్టాడు. పేరుకు అది ప్రజలు ప్రేమతో ఇచ్చే సొమ్ము. 1484లోనే, హెన్రీకి ముందు రాజైన మూడవ రిచర్డ్ కాలపు పార్లమెంటు దాన్ని రద్దు చేసింది, అయినా మళ్లీ తలెత్తింది. అప్పుడు వసూలుదారులకు నేర్పిన తర్కం ఇదట: దర్జాగా ఖర్చు పెట్టేవాడి దగ్గర డబ్బున్నట్టు కనిపిస్తూనే ఉంది, ఇవ్వాలి. పొదుపుగా బతికేవాడు కూడబెట్టే ఉంటాడు, అతడూ ఇవ్వాలి. రెండు కొసలా ఉచ్చే. మనకున్న ‘ఉభయతఃపాశం’ దీనికి అతికినట్టు సరిపోతుంది.

మరొకరు: ఫోర్క్ అంటే పంగ కదా, ‘పంగనామం’ అందామా?

జవాబు: నవ్వొచ్చింది కానీ కుదరదు. పంగనామం పెట్టేవాడు ఉన్న బాకీ ఎగ్గొడతాడు. హెన్రీ లేని బాకీ రాబట్టాడు!

ఇంకొకరు: అసలు ఆ మాట మోర్టన్‌దేనా?

జవాబు: మంచి సందేహం. ఫ్రాన్సిస్ బేకన్ 1622లో అచ్చు వేసిన హెన్రీ చరిత్రలో దీన్ని జనంలో చెప్పుకొనే కథగానే రాశాడు. అప్పటికి నూరేళ్లు దాటింది. హెన్రీ కాలపు పండితుడు ఎరాస్మస్ ఇదే కథను రిచర్డ్ ఫాక్స్ అనే బిషప్‌కు ముడిపెట్టాడు. ఎవరు అన్నా, హెన్రీ పాలనకు మాత్రం నప్పే తర్కం. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో గెలిచి, తన రాజ్యకాలం 21నే మొదలైందని ప్రకటించుకున్న మనిషి అతడు. దాంతో అంతవరకు రాజైన మూడవ రిచర్డ్ పక్షాన పోరాడినవాళ్లు ఒక్కసారిగా రాజద్రోహులయ్యారు, వాళ్ల ఆస్తులు లాక్కోవడానికి దారి దొరికింది.

ప్రభువులను అణచడానికి అతడు కత్తి కన్నా కాగితాన్నే ఎక్కువ నమ్మాడు. విధేయంగా ఉంటామని పూచీకత్తులు రాయించుకునేవాడు. తప్పితే భారీ సొమ్ము కట్టాలి. అనుమతి లేకుండా అనుచరులను పోషించాడని 1507లో బెర్గవెనీ ప్రభువుకు 70 వేల పౌండ్లకు పైగా జరిమానా పడింది. అంత సొమ్ము అతడు కట్టలేడని రాజుకు తెలియదా? రాబట్టడం కన్నా ఆ బాకీని తల మీద వేలాడదీయడమే లాభం. ఖాతా పుస్తకాలను స్వయంగా చూసి సంతకం చేసే రాజు మరి. ఈ వసూళ్లు నడిపిన ఎంప్సన్, డడ్లీలకు 1510లో కొత్త రాజు ఎనిమిదవ హెన్రీ మరణశిక్ష అమలు చేయించాడు. జనం కోపం వాళ్ల మీదికి మళ్లింది, ఖజానాలో చేరిన సొమ్ము ఖజానాలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘ఉభయతఃపాశం’ ఖాయం. మొదటిసారి మోర్టన్ పేరుతో కలిపి రాస్తాను. ‘బెనవలెన్స్’కు ‘విరాళం’ పెట్టవచ్చా?

జవాబు: విరాళం మరీ మంచి మాట, వద్దు. ‘నజరానా’ అనండి. నిజాం దర్బారు సంగతులు తెలిసినవారికి అడుగున వివరణ కూడా అక్కర్లేదు.