గ్రానైట్ స్ట్రెంగ్త్ 140 వచ్చాక కూడా టన్నెల్‌కి సపోర్ట్ ఎందుకు?

సివిల్_ఫైనలియర్:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. ప్రాజెక్టుకని హైదరాబాద్ దగ్గర గ్రానైట్ కోర్ (డ్రిల్ చేసి తీసిన గుండ్రటి రాతి కడ్డీ) తెచ్చి ల్యాబ్‌లో ప్రెస్ చేస్తే స్ట్రెంగ్త్ 140 మెగాపాస్కల్ వచ్చింది, మన ఎం30 కాంక్రీట్‌కి (30 మెగాపాస్కల్) నాలుగు రెట్లు పైనే, ఇంత గట్టి రాయిలో తవ్వితే టన్నెల్ దానంతటదే నిలబడాలి కదా, మరి రాతిలోకి దించే ఇనుప రాక్‌బోల్టులు, గోడ మీద చిమ్మే కాంక్రీట్ (షాట్‌క్రీట్) దేనికి అని గైడ్ సార్‌ని అడిగా. "నువ్వు టెస్ట్ చేసింది రాయిని, కొండని కాదు" అనేసి క్లాసుకెళ్ళిపోయారు. కొంచెం విడమర్చి చెప్పరా?

మొరం_గుట్ట:
సార్ చెప్పింది కరెక్టే తమ్ముడూ. మెషీన్‌లో పెట్టడానికి పగుళ్ళు లేని ముక్క ఏరుకుంటాం, పగిలినవన్నీ కోర్లు పెట్టే బాక్స్‌లోనే ఉండిపోతాయి, కానీ టన్నెల్ పైకప్పు నుంచి ఊడిపడేది ఆ పగుళ్ళ దగ్గరే. కొండరాయి నాణ్యతకి మార్కులేసే 1989 ఆర్ఎంఆర్ పట్టిక తీసి చూడు, 100 మార్కుల్లో రాయి స్ట్రెంగ్త్‌కి ఇచ్చేది 15, ఆర్‌క్యూడీకి (కోర్ పొడవులో 10 సెంటీమీటర్లు దాటిన ముక్కల శాతం) 20, జాయింట్ల (రాతిలో ముందునుంచే ఉన్న పగుళ్ళ) ఎడానికి 20, జాయింట్ ఎలా ఉందన్నదానికి 30, నీళ్ళకి 15. ఇలాంటిదే ఇంకో పద్ధతి, క్యూ సిస్టమ్‌లో అయితే ఆరు అంశాల్లో నీ 140కి విడిగా చోటే లేదు.

కోర్‌బాక్స్_అక్క:
బాక్స్ ఇంకా ఉంటే మళ్ళీ తెరువు. 1.5 మీటర్ల రన్‌లో (ఒక విడతలో డ్రిల్ చేసిన పొడవు) ముక్కలు 32, 8, 21, 6, 14, 40 సెంటీమీటర్లు, మిగతాది పొడి అనుకో, 10 పైన ఉన్నవే కలిపితే 107, అంటే ఆర్‌క్యూడీ 71 శాతం. డ్రిల్లింగ్‌లో విరిగిన తాజా పగులుని మాత్రం జాయింట్ కింద లెక్కెయ్యకు, అది తెల్లగా మెరుస్తుంటుంది. అసలు జాయింట్ ముఖం మీద వేలితో రుద్దితే తుప్పు రంగు మరకో మెత్తటి బంకమట్టో అంటుతుంది, మరకుంటే నీళ్ళు తిరిగిన దారి అన్నట్టు, బంకమన్ను ఉంటే తడిసినప్పుడు సబ్బులా జారుతుంది. ఇంకోటి, బోరు నిలువుగా వేస్తే నిలువు జాయింట్లు దాదాపు దొరకవు, ఆర్‌క్యూడీ 90 వచ్చిందని మురిసిపోతే పక్కగోడ మోసం చేస్తుంది, ఒక్క వాలు బోరైనా అడుగు.

సివిల్_ఫైనలియర్:
ఇప్పుడే చూశా అక్కా, మూడు చోట్ల గోధుమ రంగు మరకలున్నాయి, నేను మురికి అనుకుని కడగబోయా. టన్నెల్ సరే, డ్యామ్‌కి కూడా ఇంతేనా?

మొరం_గుట్ట:
కడగకు, ముందు ఫొటో తియ్యి! డ్యామ్‌కి ఇంకా ఎక్కువ. ఫ్రాన్స్‌లో మాల్పాసే అని 60 మీటర్లు దాటిన ఆర్చ్ డ్యామ్, 1959 డిసెంబర్ 2 రాత్రి కూలిపోయి 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీట్‌లో లోపం లేదు. ఎడమ గట్టు కింద నైస్ (gneiss) అనే పొరల రాయిలో ఒక ఫాల్ట్ (రాయి జరిగిన పెద్ద పగులు), దానికి ఎదురుగా పొరల పగుళ్ళు, రెండూ కలిసి వి ఆకారంలో పెద్ద రాతిముక్కని విడదీశాయి, రిజర్వాయర్ నిండేసరికి పగుళ్ళలో నీటి ఒత్తిడి పెరిగి ఆ ముక్కని నెట్టేసింది. అందుకే ఇప్పుడు డ్యామ్ పునాదిలో గ్రౌటింగ్‌తో (పగుళ్ళలోకి సిమెంట్ పాలు ఎక్కించడం) పాటు నీళ్ళు బయటికి పోడానికి డ్రైనేజీ రంధ్రాలు కూడా వేస్తారు. నీ రిపోర్టులో 140 ఉంచు, కానీ దాని పక్కనే జాయింట్ల వాలు, దిక్కు కూడా రాసిపెట్టు, వైవాలో సార్ మొదట అడిగేది అదే.